రాత్రి మూడింటికే పక్కంతా తడి: మూడు ఇన్‌సర్ట్‌లు పెట్టినా క్లాత్ డైపర్ ఎందుకు కారుతోంది?

చిన్నూ_వాళ్ళమ్మ · సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మావాడికి 20 నెలలు, 11 కేజీలు. పగలు క్లాత్ డైపర్లతో ఏ ఇబ్బందీ లేదు, రెండు రెండున్నర గంటలకోసారి మార్చేస్తాను. తంటా అంతా రాత్రే. తొమ్మిదింటికి పడుకోబెడితే నాలుగయ్యేసరికి బొడ్డు దగ్గర చొక్కా తడిసి ఏడుస్తూ లేస్తాడు. వాడి బట్టలు, నా నైటీ, దుప్పటి, ఒక్కోసారి పరుపు కూడా.

మాది పాకెట్ డైపర్, అంటే నీళ్ళు కారని కవరు లోపల సంచిలాంటి అర ఉంటుంది, పీల్చే మెత్తలు (ఇన్‌సర్ట్‌లు) అందులో దూర్చాలి. మొదట్లో ఒక మైక్రోఫైబర్ ఇన్‌సర్ట్ పెట్టేదాన్ని. కారుతోందని రెండు పెట్టాను. అయినా ఆగలేదని వారం నుంచి మూడు పెడుతున్నాను. మూడు పెట్టాక ఇంకా ముందే, మూడింటికే కారుతోంది! కాళ్ళు దగ్గరికి రాక బాతులా నడుస్తున్నాడు పాపం.

డిస్పోజబుల్ వేయమని మాత్రం చెప్పకండి ప్లీజ్. వేసి చూశాం. తొడల మడతల్లో ఎర్రగా కందిపోతోంది. ఉండేది హైదరాబాదులో, మియాపూర్ వైపు.

కవలల_తల్లి · సోమవారం, రాత్రి 11:41

మూడు కాదు, నాలుగు పెట్టండి. నేను ఇద్దరికీ అలాగే పెట్టాను.

(సరదాకి అన్నాను. నాలుగు పెట్టినా మాకూ కారింది. చివరికి మేం పరుపు మీద రబ్బరు షీటు వేసి, దాని మీద బొంత పరిచి ఊరుకున్నాం.)

విశాఖ_కెరటం · మంగళవారం, ఉదయం 6:15

మైక్రోఫైబర్‌తో రాత్రిళ్ళు గడవవు అక్కా. అది గబుక్కున పీల్చుకుంటుంది కానీ పట్టి ఉంచుకోదు. గిన్నెలు తోమే స్పాంజిని నీళ్ళలో ముంచి బొటనవేలితో నొక్కి చూడండి, అంతా బయటికొచ్చేస్తుంది. పిల్లాడు బోర్లా పడుకుంటే వాడి బరువంతా డైపర్ మీదే కదా. బాబు ఎలా పడుకుంటాడు?

పీల్చే బట్టల్లో నాకు తెలిసిన తేడా ఇది. మైక్రోఫైబర్ వేగం ఎక్కువ, పట్టు తక్కువ. నూలు మధ్యరకం. బ్యాంబూ (వెదురు గుజ్జుతో చేసిన పోగు) కాస్త నిదానం, పట్టు బాగుంటుంది. హెంప్ (ఒక రకం మొక్క నార బట్ట) అన్నిటికంటే నెమ్మది, కానీ నొక్కినా వదలదు. అందుకే వేగంగా పీల్చేది పైన, నెమ్మదిది అడుగున పెడతారు. మైక్రోఫైబర్‌ని మాత్రం నేరుగా చర్మానికి తగలనివ్వకూడదు, చర్మంలో తేమ కూడా లాగేసి పొడిబారేలా చేస్తుంది. మీది పాకెట్ కాబట్టి లోపలే ఉంటుంది, పర్లేదు.

లంగోటా_బామ్మ · మంగళవారం, ఉదయం 7:02

మా కోడలు ఈ గ్రూపులో చేర్పించింది, నాకూ ఏదో కాలక్షేపం. మా రోజుల్లో పాత నూలు చీర చింపి లంగోటాలు కట్టేవాళ్ళం. కవర్లూ పాకెట్లూ లేవు. తడిస్తే వాడు ఏడ్చేవాడు, మేం లేచి మార్చేవాళ్ళం, అంతే. రాత్రికి నాలుగుసార్లు. నిద్ర అన్నది పిల్లాడికి మూడేళ్ళొచ్చాకే! ఆ రోజులే బాగున్నాయని నేనైతే అనను.

ఒక్కటి చెప్తాను. పడుకోబెట్టే ముందు బాత్‌రూమ్‌లో నీ పాదాల మీద కూర్చోబెట్టుకుని "ష్‌ష్" అంటూ ఒకసారి పోయించు. మళ్ళీ నువ్వు పడుకోబోయేటప్పుడు, పదకొండుకో ఎప్పుడో, నిద్రలోనే ఎత్తుకెళ్ళి ఇంకోసారి. సగం బరువు అక్కడే తగ్గుతుంది.

చిన్నూ_వాళ్ళమ్మ · మంగళవారం, ఉదయం 9:30

విశాఖ_కెరటం గారూ, బోర్లానే పడుకుంటాడండీ. పిర్రలు పైకెత్తి కప్పలా. బామ్మగారూ, పదకొండుకి లేపితే మళ్ళీ ఒంటిగంటదాకా ఆటలే. ఆ ప్రయోగం ఒకసారి చేసి చెంపలేసుకున్నాను.

అంటే హెంప్ కొనమంటారా? ఇప్పటికే డైపర్ల మీద చాలా పెట్టేశాం, మావారు లెక్క అడుగుతున్నారు.

రాత్రి_డ్యూటీ · మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఏదీ కొనకండి. ముందు తూకం వేయండి.

నేను పిల్లల వార్డులో నర్సుని. పిల్లలకి మూత్రం ఎంత వస్తోందో చూడాలంటే మేం డైపర్ తూస్తాం. తడి డైపర్ బరువులోంచి పొడి డైపర్ బరువు తీసేస్తే వచ్చిన ప్రతి గ్రాము దాదాపు ఒక మిల్లీలీటరు. మీ వంటింట్లో పిండి తూచే చిన్న త్రాసు ఉంటే చాలు, పైన ఒక ప్లాస్టిక్ కవర్ వేసి తూయండి.

ఈ వయసు పిల్లలకి మామూలుగా గంటకి, కేజీకి 1 నుంచి 2 మి.లీ. వస్తుంది. అంటే 11 కేజీల బాబుకి పది గంటల రాత్రికి సుమారు 110 నుంచి 220 మి.లీ. పడుకునే ముందు పాలసీసా తాగితే ఇంకాస్త పెరగొచ్చు. ఇంకో సంగతి, ఇదంతా చుక్కచుక్కగా రాదు. ఈ వయసులో మూత్రాశయం 100 మి.లీ. అటూ ఇటూగా పడుతుంది. అది నిండాక నిద్రలో ఒక్కసారిగా వచ్చేస్తుంది.

ఈ రాత్రి కారగానే అప్పటికప్పుడు తూయండి. తర్వాత ఇన్‌సర్ట్‌లు బయటికి తీసి ఎక్కడ తడిసిందో, ఎక్కడ పొడిగా ఉందో చేత్తో తడిమి చూడండి. డైపర్ నిండి పొర్లిందా, నిండకుండానే కారిందా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు, మందులూ వేరే.

పల్నాటి_పిల్ల · మంగళవారం, సాయంత్రం 5:48

ఇంత శ్రమ ఎందుకో నాకు నిజంగా అర్థం కాదు. రాత్రికి ఒక్కటి డిస్పోజబుల్ వేస్తే మీరూ పడుకుంటారు, వాడూ పడుకుంటాడు. ఎర్రగా అయితే కంపెనీ మార్చి చూడాలి, లేదా ఒక సైజు పెద్దది వేయాలి.

కవలల_తల్లి · మంగళవారం, సాయంత్రం 6:05

ఆవిడ మొదటి పోస్టులోనే చెప్పకండన్నారు కదమ్మా.

పల్నాటి_పిల్ల · మంగళవారం, సాయంత్రం 6:20

చదివానండీ. ఆవిడ నిద్ర గురించే అన్నాను. సరే, ఇక అనను.

చిన్నూ_వాళ్ళమ్మ · బుధవారం, తెల్లవారుజాము 3:35

ఇప్పుడే కారింది. నిద్రమత్తులో త్రాసు ముందు కూర్చున్నాను, మావారు నన్ను వింతగా చూస్తున్నారు.

పొడి బరువు 165 గ్రాములు (మూడు ఇన్‌సర్ట్‌లతో). ఇప్పుడు 255. అంటే 90 మి.లీ. మాత్రమే!! మూడో ఇన్‌సర్ట్ మొత్తం పొడి. రెండోది ముందువైపు అరచేయంత తడి. వెనకభాగం మూడింటిలోనూ పొడిపొడిగా ఉంది. చొక్కా, పరుపు మాత్రం ముద్ద.

రాత్రి_డ్యూటీ · బుధవారం, ఉదయం 8:15

చూశారా, డైపర్ నిండలేదు. పీల్చుకోలేక బయటికి తోసేసింది. ఇక పదో ఇన్‌సర్ట్ పెట్టినా ఇంతే. పైగా లావు పెరిగేకొద్దీ తొడల దగ్గర ఎలాస్టిక్ చర్మానికి ఆనకుండా సందు వదులుతుంది. మూడు పెట్టాక ఇంకా ముందే కారడానికి అదే కారణం అయ్యుంటుంది.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. ఉతికి ఆరిన ఇన్‌సర్ట్ బల్ల మీద పరిచి ఒక చెంచాడు నీళ్ళు పోయండి. వెంటనే ఇంకిపోతుందా, తామరాకు మీద నీటిబొట్టులా నిలబడుతుందా?

చిన్నూ_వాళ్ళమ్మ · బుధవారం, ఉదయం 8:52

నిలబడింది!! ముత్యంలా నిలబడి, బల్ల ఒంచితే జారిపోయింది. వీడియో తీసి మావారికి పంపాను.

డాలస్_నాన్న · బుధవారం, ఉదయం 9:40

ఇక్కడ రాత్రయింది, పాప పడుకుంది, నేను కూర్చుని మీ థ్రెడ్ చదువుతున్నాను. ఈ ముత్యం మా ఇంట్లో కూడా చూశాను. బట్ట మీద ఏదో పేరుకుపోయి నీళ్ళని లోపలికి రానివ్వట్లేదన్నమాట. సాధారణంగా దొరికే దొంగలు నలుగురు: ఫ్యాబ్రిక్ కండిషనర్, ర్యాష్ క్రీమ్ లేదా కొబ్బరినూనె, సరిగ్గా జాడించని డిటర్జెంట్, నీళ్ళలోని సున్నం. మేం ఉన్న చోట నీళ్ళలో సున్నం బాగా ఎక్కువ, మాకు నాలుగోవాడు దొరికాడు. మీ ఇంట్లో ఏ నీళ్ళు? ఎవరు ఉతుకుతారు, దేంతో?

చిన్నూ_వాళ్ళమ్మ · బుధవారం, ఉదయం 11:15

కండిషనర్ వాడం. కొబ్బరినూనె స్నానానికి ముందే రాస్తాను. నీళ్ళు బోరువి. మంజీరా నది కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, అవి వంటకీ తాగడానికే. డైపర్లు మా పనిమనిషి చేత్తో ఉతుకుతుంది, సబ్బు బిళ్ళతో. బాగా రుద్దుతుంది, వంక పెట్టడానికి లేదు. మెషిన్‌లో వేస్తే తెల్లగా రావని తనే పట్టుబట్టింది.

డాలస్_నాన్న · బుధవారం, ఉదయం 11:32

దొరికింది. బోరు నీళ్ళు, సబ్బు బిళ్ళ!

బళ్ళో కఠిన జలం పాఠం చదువుకున్నాం కదా, గుర్తుందా? ఉప్పు నీళ్ళలో సబ్బు నురగ రాదు, తెల్లటి మడ్డి తేలుతుంది. కొవ్వుతో చేసిన సబ్బు, నీళ్ళలోని కాల్షియం కలిసి కరగని జిడ్డుగా మారతాయి. స్నానాల గది గోడల మీద తెల్లటి చార కడతుందే, అదే. ఆ జిడ్డు ఇన్‌సర్ట్ పోగుల మధ్య దిగిపోయి కూర్చుంది. మీ పనిమనిషి ఎంత బాగా రుద్దితే అంత లోపలికి దిగింది. ఆవిడ తప్పేమీ లేదు, మనం మాత్రం ఆ పాఠాన్ని మార్కుల కోసమే చదివాం.

బిళ్ళ మానేసి డిటర్జెంట్ పొడి వాడండి. దానిలో సున్నాన్ని పట్టి ఉంచే సరుకు ఉంటుంది కాబట్టి మడ్డి కట్టదు. ఇన్‌సర్ట్‌లని ముందు ఈ పాత జిడ్డు నుంచి విడిపించాలి. మంచినీళ్ళు వచ్చే రోజు రెండు బకెట్లు పక్కన పెట్టుకోండి. గీజరు వేడిలో డిటర్జెంట్ పొడి, రెండు చెంచాల బట్టల సోడా కలిపి ఇన్‌సర్ట్‌లు మాత్రమే నాలుగైదు గంటలు నానబెట్టండి. సోడా చేతుల్ని కోస్తుంది, గ్లౌజులు వేసుకోండి. తర్వాత నురగ పూర్తిగా పోయేదాకా మంచినీళ్ళతోనే జాడించండి. మిగిలిపోతే బాబు చర్మానికి మంచిది కాదు.

కవర్లని మాత్రం ఈ వేడిసోడాలో వేయొద్దు, ఉడకబెట్టొద్దు. నీళ్ళు కారకుండా వెనక అంటించిన పొర ఊడొస్తుంది, ఎలాస్టిక్ సాగిపోతుంది.

విశాఖ_కెరటం · బుధవారం, మధ్యాహ్నం 12:20

కుంకుడుకాయలతో ఉతకొచ్చా? మా అత్తగారు ఎప్పటినుంచో అదే అంటున్నారు.

డాలస్_నాన్న · బుధవారం, రాత్రి 8:03

పట్టుబట్టలకి బాగుంటుందేమో గానీ రాత్రంతా నానిన డైపర్‌కి చాలదండీ. వాసన మిగిలిపోతుంది. మీ అత్తగారికి నా పేరు చెప్పకండి.

లంగోటా_బామ్మ · బుధవారం, రాత్రి 8:40

అందుకేనన్నమాట, మా ఊళ్ళో కాలవ నీళ్ళకి వెళ్ళి ఉతుక్కొచ్చేవాళ్ళం. బావినీళ్ళతో ఉతికితే లంగోటా గరుకుగా అట్టలా ఉండేది. ఎందుకో తెలియకుండానే మా అత్తగారు కాలవకి పంపేది. ఆవిడ మీద ఇన్నాళ్ళూ ఉన్న కోపంలో ఒక పిసరు తగ్గింది.

చిన్నూ_వాళ్ళమ్మ · శుక్రవారం, ఉదయం 7:10

మంచినీళ్ళు గురువారం వచ్చాయి. నానబెట్టాను. నీళ్ళు బియ్యం కడుగులా తెల్లగా వచ్చాయి, పైన జిడ్డు తెట్టు! ఆరుసార్లు జాడించాను. ఎండకి ఆరాక చెంచాడు నీళ్ళు పోస్తే బట్ట గుటుక్కున మింగేసింది.

రాత్రి మూడు కాదు, రెండే పెట్టాను. నాలుగు దాటినా లేవలేదు. 5:10కి కారింది, కొంచెమే. తూకం 175 మి.లీ. తడి అంతా ముందువైపే, వెనక ఇప్పటికీ పొడిగానే ఉంది.

విశాఖ_కెరటం · శుక్రవారం, ఉదయం 7:45

సూపర్! ఇక మిగిలింది పొందికే. మగపిల్లాడు, పైగా బోర్లా. వచ్చేదంతా ముందుకే వస్తుంది. మీరు ఇన్‌సర్ట్ ఈ చివరి నుంచి ఆ చివరికి సమానంగా పరుస్తున్నట్టున్నారు, వెనకాల సగం ఊరికే మోస్తున్నాడు. ఒక ఇన్‌సర్ట్‌ని వెనక నుంచి ముందుకి మడవండి, ముందు రెండింతలు మందం వస్తుంది. కొత్తది కొనక్కర్లేదు. ఆడపిల్లలకైతే ఈ మందం మధ్యలో కావాలి, వెల్లకిలా పడుకుంటే కాస్త వెనక్కి.

వేసేటప్పుడు "దాన్ని" కిందికి ఉండేలా సర్దండి. చాలామంది సిగ్గుపడి చెప్పరు కానీ మావాడికి సగం లీకులు నడుము దగ్గర నుంచి కారేది ఇందుకే. తొడ మడతలో ఎలాస్టిక్ లోదుస్తుల గీత దగ్గర కూర్చోవాలి, తొడ మీదికి జారి కాదు. వేశాక వేలు లోపలికి పెట్టి చుట్టూ తిప్పి చూడండి. లోపలి బట్ట అంచు ఎక్కడైనా బయటికి తొంగిచూస్తుంటే అక్కడి నుంచి దీపం వత్తిలా తడి లాక్కొస్తుంది.

లంగోటా_బామ్మ · శుక్రవారం, ఉదయం 9:12

అడుగున పెట్టడానికి ఆ హెంపో పంపో దొరక్కపోతే మీ మామగారి పాత పంచె ఏదన్నా ఉందా? బాగా ఉతికి ఉతికి మెత్తబడిన నూలు పంచె. చదరంగా చింపి, ముందు మందంగా వచ్చేలా ఎనిమిది మడతలు పెట్టు. కొత్త గుడ్డ మాత్రం వద్దు, గంజి వదిలేదాకా నీళ్ళు తాగదు.

రాత్రి_డ్యూటీ · శుక్రవారం, మధ్యాహ్నం 3:30

బామ్మగారు చెప్పింది నిజం. కొత్త నూలు, బ్యాంబూ, హెంప్ ఏవైనా కొన్ని ఉతుకులు పడితే గానీ పూర్తిగా పీల్చుకోవు.

పాల విషయం. పడుకునే ముందు సీసాడు తాగుతున్నాడా? ఉంటే ఒక గంట ముందుకు జరపండి, పళ్ళకీ మంచిదే. కానీ డైపర్ కోసం నీళ్ళు తగ్గించొద్దు, మన ఎండల్లో అసలే వద్దు. ఉన్నట్టుండి దాహం బాగా పెరిగి, మూత్రం మామూలు కంటే చాలా ఎక్కువ వస్తూ, బరువు తగ్గుతుంటే మాత్రం డైపర్ల సంగతి పక్కనపెట్టి వెంటనే డాక్టరుకి చూపించాలి. ఇది మీకని కాదు, ఈ థ్రెడ్ చదివే అందరికీ.

పొద్దున్నే తీసేయగానే కడిగి, తుడిచి, ఒక పది నిమిషాలు గాలికి వదిలేయండి. ఎర్రటి మచ్చలు మడతల్లో చిన్న చిన్న పొక్కుల్లా వస్తే అది ఫంగస్ కావచ్చు, మామూలు క్రీముతో పోదు.

డాలస్_నాన్న · శుక్రవారం, రాత్రి 9:15

మేం చివరికి ఉన్ని కవర్‌కి మారాం. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమని పీల్చుకున్నా పైకి తడి తెలియదు, గాలీ ఆడుతుంది. రెండు మూడు వారాలకోసారి గోరువెచ్చటి నీళ్ళలో ఉతికి లానోలిన్ పట్టిస్తాను, అది గొర్రె ఉన్నిలో సహజంగా ఉండే మైనం. వేడినీళ్ళలో వేస్తే బొమ్మకి సరిపోయేంత అవుతుంది, ఒకటి అలా పోగొట్టుకున్నాను. అల్లుకునేవాళ్ళకి ఒక మాట: అక్రిలిక్ ఊలు పనికిరాదు, అసలు ఉన్నే కావాలి.

కవలల_తల్లి · శుక్రవారం, రాత్రి 9:50

మే నెలలో మా విజయవాడలో ఉన్ని లాగు వేస్తే మా అమ్మ నా మీద కేసు పెడుతుంది.

చిన్నూ_వాళ్ళమ్మ · ఆదివారం, ఉదయం 7:05

శుక్రవారం రాత్రి: ముందుకి మడిచిన బ్యాంబూ ఒకటి (పాప కోసమని కొని మా చెల్లి వాడకుండా ఉంచింది), పైన ఒక మైక్రోఫైబర్, అడుగున మామగారి పంచె ముక్క. పాలు ఎనిమిదింటికే. పొద్దున 6:20 దాకా పొడి! నేనే మూడింటికి అలవాటుగా లేచి తడిమి చూసుకున్నాను.

శనివారం రాత్రి: అంతా అదే, మళ్ళీ కారింది! ఏడుపొచ్చింది. చూస్తే వాడికి కింద బటన్లుండే బిగుతు చొక్కా వేశాను. డైపర్ని నొక్కి, అంచు దగ్గర తడి అందుకుని చొక్కా అంతా పాకింది. విశాఖ_కెరటం గారు చెప్పిన దీపం వత్తి. ఈ రోజు నుంచి వదులు లాగు, పొట్టి చొక్కా, అది కూడా బయటికే.

మామగారు తన పంచె ఎక్కడికి పోయిందని వెతుకుతున్నారు. ఇంకా చెప్పలేదు.

పల్నాటి_పిల్ల · ఆదివారం, ఉదయం 8:30

మంచి కబురు. ఒప్పుకుంటున్నాను, ఆ చెంచాడు నీళ్ళ పరీక్ష మా ఇంట్లో కూడా చేశాను, డైపర్లకి కాదు, తువ్వాళ్ళకి. ముత్యాలే ముత్యాలు. కొత్త తువ్వాళ్ళు తుడవవని పాపం షాపువాణ్ణి తిట్టుకున్నాను ఇన్నాళ్ళూ.

విశాఖ_కెరటం · ఆదివారం, ఉదయం 10:14

ముసురు పట్టినప్పుడు ఈ మందపాటి ఇన్‌సర్ట్‌లు ఆరడం మా దగ్గర పెద్ద టెన్షన్. సముద్రపు గాలికి రెండు రోజులైనా మడతల్లో చెమ్మ ఉంటుంది, వాసన వచ్చేస్తుంది. అందుకే కుట్టేసిన లావుపాటివి కాకుండా విప్పి ఆరేసుకునేవే కొన్నాను. పంచె ముక్క ఈ లెక్కన అన్నిటికంటే మేలు, ఫ్యాను కింద గంటలో ఆరుతుంది.

చిన్నూ_వాళ్ళమ్మ · బుధవారం, ఉదయం 6:50

వరసగా మూడు రాత్రులు పొడి. ఇవాళ్టి తూకం 240 మి.లీ., ఒక్క చుక్క బయట లేదు. వెనకభాగం కూడా ఈసారి తడిసింది. పనిమనిషికి నీటిబొట్టు పరీక్ష చూపించాను, తను ముక్కున వేలేసుకుని "మా ఇంటి బట్టలు కూడా ఇంతేనా అమ్మా" అంది. ఇప్పుడు డిటర్జెంట్ పొడి, చివరి జాడింపు మంచినీళ్ళతో.

కొత్త సమస్య: వాడు ప్రెస్ బటన్లు ఊడదీయడం నేర్చుకున్నాడు. ఈ పొద్దున డైపర్ తలకి టోపీలా పెట్టుకుని కూర్చున్నాడు. దీనికి మందేమైనా ఉందా?

లంగోటా_బామ్మ · బుధవారం, ఉదయం 7:20

ఉంది. పైన నాడా ఉన్న లాగు వేసి, ముడి వెనక్కి వేయి.